నీలం నందివర్ధనం

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే ఆచితూచి ముప్పై ఆరు సార్లు ఊపిరి బిగబట్టడం. రీలులో ఉన్నవి ముప్పై ఆరే. ముప్పై ఏడోది గనక పడిందంటే అది ఫొటోగ్రాఫరు పూర్వజన్మ సుకృతం, దాన్ని స్టూడియో అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్ళం. అలాంటి కరువులో పెరిగినవాడి చేతికి రీలే లేని కెమెరా ఒకటి ఇచ్చి, 'ఎన్నైనా నొక్కుకో' అంటే ఏమవుతుందంటారు? ఏకాదశి ఉపవాసంలో ఉన్నవాణ్ణి తీసుకెళ్ళి కోనసీమ పెళ్ళి పంక్తిలో కూర్చోబెట్టినట్టవుతుంది. అరగదు, ఆగదు. నాకూ అదే అయింది. ఇప్పుడు పాలప్యాకెట్ కొనడానికి వెళ్ళి పదహారు ఫొటోలు తీసుకొచ్చే మీకు నా అవస్థ అర్థం కాకపోవచ్చు. అయినా చెబుతాను. ఎందుకంటే ఈ కథలో కెమెరా గురించి నాలుగు పనికొచ్చే సలహాలున్నాయి, ఒక్కొక్క దానికీ నేను నా పరువులోంచి ఒక్కొక్క ముక్క కోసి ఇచ్చుకున్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. రాజమండ్రిలో ఒక స్టూడియోలో పని. ఓనరుగారిని నేను గురువుగారనేవాణ్ణి, ఆయన నన్ను సందర్భాన్ని బట్టి రకరకాలుగా అనేవారు. ఆయన హైదరాబాదు వెళ్ళి ఒక డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చిన రోజు, స్టూడియోలో కొబ్బరికాయ కొట్టి, కెమెరాకు బొట్టు పెట్టి (లెన్సు మీదే పెట్టబోయారు, నేను చెయ్యి అడ్డం పెట్టాను), "ఇది నీ చేతికిచ్చానంటే నా కుడి కన్ను పీకి ఇచ్చినట్టురా" అన్నారు. ఆ కన్ను నాలుగు పెన్సిల్ బ్యాటరీలు తినేది. పొద్దున తింటే మధ్యాహ్నానికి మళ్ళీ ఆకలి. (మొదటి సలహా: కెమెరా సంచిలో అన్నం డబ్బా లేకపోయినా ఫరవాలేదు, ఇంకో నాలుగు బ్యాటరీలు మాత్రం ఉండాలి.) దాని వెనక అగ్గిపెట్టె అంత తెర. తీసిన ఫొటో తక్షణం అందులో కనిపిస్తుంది. అది చూసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు, ఒక చోట నిలబడే గుణం మొదట్నుంచీ లేదు, ఉన్న కాస్త కూడా పోయింది.

ఇలా ఊగిపోతున్న రోజుల్లోనే మా మావయ్య కబురు పెట్టాడు. అమ్మకు తమ్ముడు, కడియం పక్కన అయిదెకరాల పూల నర్సరీ. ఆ వ్యాపారం సంగతి మీకొక ముక్క చెప్పాలి. మొక్కలు కొనేవాళ్ళు చాలామంది దూరాల నుంచి ఫోను చేసి, ఫలానా రంగు ఇన్ని, ఫలానా రంగు అన్ని అని చెప్తారు. లారీ ఎక్కే మొక్క జానెడు ఉంటుంది, దాని మీద పువ్వుండదు. అది ఏ రంగు పూస్తుందో ఆరు నెలలాగితే గానీ బ్రహ్మక్కూడా తెలియదు. నర్సరీవాడు ఎరుపంటే ఎరుపు, పసుపంటే పసుపు. ఆ నోటిమాట మీద ఆ ప్రాంతమంతా బతుకుతోంది. మా మావయ్య నోటికి అయిదు రాష్ట్రాల్లో పరపతి ఉందని ఆయనే చెప్పేవాడు. రెండు రాష్ట్రాలు నేనూ ఒప్పుకుంటాను.

"ఏరా అల్లుడూ, మనకీ ఒక రంగుల పుస్తకం కావాల్రా. పువ్వులన్నీ అందులో ఉండాల. పేజీ తిప్పితే పువ్వు మొహమ్మీదికి దూకాల," అన్నాడు.

"దూకిస్తాను మావయ్యా," అన్నాను. నా జీవితంలో నేను నిలబెట్టుకున్న మాటల్లో ఇదొకటి.

గురువుగారి కాళ్ళా వేళ్ళా పడి ఒక్క రోజుకు కెమెరా తీసుకున్నాను. ముందురోజు సాయంత్రం అది ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్‌కి పనిచేసి వచ్చింది. ఇక్కడే ఉంది తిరకాసు. ఆ కెమెరాలో మూడు బొమ్మలుండేవి, సూర్యుడు, మబ్బు, బల్బు. మనం ఏ వెలుతురులో తీస్తున్నామో దానికి చెప్పుకోవాలి. బల్బుల కింద తెల్లచొక్కా కూడా పసుపు కొట్టుకొస్తుంది కనుక, బల్బు గుర్తు పెడితే కెమెరా దానికి విరుగుడుగా నీలం కలిపి తెలుపును తెలుపు చేస్తుంది. అదే గుర్తు మర్చిపోయి ఎండలోకి వెళితే, లేని జబ్బుకు మందు వేసినట్టు, వైద్యం వికటించి లోకమంతా నీలమైపోతుంది. రిసెప్షన్‌లో గురువుగారు బల్బు గుర్తు పెట్టారు. ఆయన దాన్ని మార్చలేదు. నేను అసలు చూడలేదు. (రెండో సలహా ఏమిటో మీకీపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి వెయ్యి పుస్తకాలు అచ్చయ్యాయి.)

నేను చూసిన బొమ్మ వేరే. అందులో ఒక చిన్న పువ్వు గుర్తు కూడా ఉంది. అది దగ్గరగా పెట్టి తీసే చిన్న వస్తువుల కోసమని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, ఈ కెమెరా తయారుచేసినవాడెవడో కడియం వచ్చి చూసే వెళ్ళాడనుకుని, మనసులోనే ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టి, పువ్వు గుర్తు నొక్కి మళ్ళలోకి దూకాను. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, మందారం దగ్గర మోకాళ్ళ మీద, గులాబీ దగ్గర బోర్లా, కాగితంపూల దగ్గర నిచ్చెన మీద, బంతుల దగ్గర బురదలో, నాలుగు వందల ఫొటోలు తీశాను. ఒకే గన్నేరుపువ్వుకు ఇరవై ఏడు. రీలు లేదు కదా! అత్తయ్య టిఫిన్ చల్లారిపోతోందని మూడుసార్లు కేకేసి, నాలుగోసారి ఆ పెసరట్టు నీళ్ళు పెట్టే మనిషికి పెట్టేసింది. వెనక తెరలో ఎలా వచ్చాయో చూద్దామంటే ఆ ఎండకు నా మొహం తప్ప ఏమీ కనిపించలేదు. నా మొహం బాగానే ఉంది కదా, ఫొటోలూ అలాగే ఉంటాయిలే అనుకున్నాను.

స్టూడియోకి తిరిగొచ్చి కంప్యూటర్లో వేశాను. ఆ మానిటర్ సంగతి చెప్పనే లేదు. సెకండ్ హ్యాండుది, మా చేతికి వచ్చేసరికే వయసు మీద పడి తెరంతా పసుపు తిరిగింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా మానిటర్‌కు ఆ కామెర్లే. కెమెరా కలిపిన నీలాన్ని అది తన పసుపుతో సగం మింగేసింది. మిగిలిన సగం నీలం ఎర్రపూల మీద, పచ్చపూల మీద తేడాగా తోస్తే, మీటలు అటూ ఇటూ జరిపి ఒక్కొక్కదాన్నీ దారికి తెచ్చాను. తెల్లపూల మీద మాత్రం ఆ లేత నీలిఛాయ నాకెంతో నచ్చింది. వెన్నెల్లో పూసినట్టుంది. ఉండనిచ్చాను. ఆపైన మావయ్య దూకాలన్నాడు కదా, రంగు చిక్కదనం పెంచే మీట ఒకటుంటే దాన్ని చివరంటా తోసేశాను. (మూడో సలహా: ఆ మీట ఆవకాయలో కారం లాంటిది, చెయ్యి జారితే తినేవాడికి తెలుస్తుంది.) తోసి, అసలు ఫొటో మీదే సేవ్ కొట్టేశాను. సాయంత్రం ఇంకో పెళ్ళికి కావాలని కార్డు కూడా ఖాళీ చేసేశాను. (నాలుగోది: అసలుదాన్ని అలాగే ఉంచి, నకలు మీద మీ ప్రతాపం చూపించండి. నేను చూపించిన ప్రతాపానికి వెనక్కి వెళ్ళే దారి లేకుండా పోయింది.)

పుస్తకం అచ్చయి వచ్చింది. ప్రెస్సువాళ్ళు పాపం మనం ఇచ్చిన రంగు ఇచ్చినట్టే వేశారు, వాళ్ళ దగ్గర కామెర్లు లేవు. మొదటి పేజీలో నందివర్ధనం. ప్రతి ఇంట్లో దేవుడి గూట్లోకి పొద్దున్నే కోసుకొచ్చే నందివర్ధనం, సృష్టి మొదలైనప్పటి నుంచి తెల్లగా తప్ప మరో రంగులో పూయడమెరుగని నందివర్ధనం, మా పుస్తకంలో ఆకాశం ముక్క తుంచి అంటించినట్టు నీలంగా ఉంది. నేను దాన్ని చూసి, అచ్చులో కొంచెం నిండుగా పడిందనుకున్నాను. మావయ్య చూసి, నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆయన ఏమనుకున్నాడో తర్వాత తెలిసింది. మొక్కల పెంపకమంతా అత్తయ్య చేతి మీద జరిగేది, ఆయన పని మాట్లాడ్డం. ఆవిడ ఎక్కణ్ణించో కొత్త రకం తెచ్చి పెంచుతోంది, నేను ఫొటో తీశాను అనుకున్నాడు. అడగచ్చు కదా? తన నర్సరీలో ఉన్న మొక్క తనకే తెలియదని ఒప్పుకోవడం కంటే వరద గోదావరిని అడ్డంగా ఈదడం ఆయనకు తేలిక.

పుస్తకాలు పోస్టులో వెళ్ళిన పదో రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "నీలం నందివర్ధనం ఉందాండి?" "ఆయ్, ఉందండి. మన దగ్గరే ఉందండి." మావయ్య గొంతు రోజురోజుకీ లావెక్కింది. చివరికి విశాఖ వైపు కొత్తగా కల్యాణ మండపం కడుతున్న ఒకాయన (ఆయన్ని మండపంగారు అందాం) గేటు నుంచి గుమ్మం దాకా రెండు వైపులా నీలం నందివర్ధనమే కావాలి, లారీతో స్వయంగా వస్తున్నాను అన్నాడు. ఆ రోజు పొద్దున్నే మావయ్య నన్ను పిలిపించి, బావి వెనక్కి తీసుకెళ్ళి, చుట్టూ చూసి, రహస్యంగా అడిగాడు.

"ఒరేయ్, ఆ నీలంది ఎక్కడ తీశావురా?"

"ఏది మావయ్యా?"

"అదేరా, మొదటి పేజీ. ఏ వరసలో ఉందది? మీ అత్తని అడగలేనురా, నవ్వుద్ది."

చూసి వస్తానని, గురువుగారిని మళ్ళీ బతిమాలి తెచ్చుకున్న కెమెరా పట్టుకుని పరిగెత్తాను. ఆ ముందురోజు సాయంత్రం కూడా కెమెరా ఏదో రిసెప్షన్‌కి వెళ్ళొచ్చింది లెండి. నందివర్ధనం పెద్ద చెట్టు నిండా తెల్లగా పూసి ఉంది. ఒక ఫొటో తీసి, తువ్వాలు నెత్తిన కప్పుకుని ఆ చీకట్లో తెర చూశాను. నీలం. తువ్వాలు తీసి చెట్టు చూశాను. తెలుపు. కప్పుకున్నాను, నీలం. తీశాను, తెలుపు. ఇలా ఒక ఏడెనిమిది సార్లు అయ్యాక తెర మూల మీద ఒక చిన్న బల్బు నన్ను చూసి నవ్వుతున్నట్టు కనిపించింది. అప్పుడు నా ఒంట్లో నెత్తురు కూడా నీలంగానే ఉండి ఉంటుంది.

చెప్పేయాల్సింది. చెప్పేద్దామనే వచ్చాను. కానీ మావయ్య ఎదురొచ్చి, "దొరికిందా?" అన్నప్పుడు ఆయన మొహం కొత్త పెళ్ళికొడుకు మొహంలా ఉంది. నా చెయ్యి నన్నడగకుండా లేచి, పువ్వనేది ఇంకా మొదలుపెట్టని చిన్న నందివర్ధనం మొక్కల వరస ఒకటి చూపించేసింది. "ఇదే మావయ్యా." అంతే, నలుగురు మనుషులు ఆ వరస మీద పడి కుండీలెత్తడం మొదలుపెట్టారు.

ఇంతలో పక్క నర్సరీ బాబాయిగారు కంచె పక్కన ప్రత్యక్షమయ్యాడు. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కత్తెర ఉంటుంది, అందుకని అందరూ కత్తెర బాబాయిగారనేవారు. ఎవరి దగ్గర కొత్త రకం వచ్చినా కొమ్మ తీసుకెళ్ళి నాటుకోవడం ఆయన వ్రతం, అది కూడా ఎంతో మర్యాదగా.

"ఏవండి, ఒక్క కొమ్మ ఇప్పిస్తారేటండి? ఒక్కటంటే ఒక్కటేనండి."

"మీకు లేదంటామాండి! తీసుకోండి," అన్నాడు మావయ్య, రాజు అగ్రహారం రాసిచ్చినట్టు. ఆయన కత్తిరించుకుని, తడిగుడ్డలో చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకెళ్ళినట్టు ఎత్తుకెళ్ళాడు.

మండపంగారు వచ్చాడు. తెల్లటి ఖద్దరు చొక్కా, తెల్లటి పంచె, నిండైన మనిషి. కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళిచ్చారు, పూతరేకులు పెట్టారు, వద్దంటే ఇంకో రెండు పెట్టారు. అక్కడ లారీలోకి కుండీలు ఎక్కుతున్నాయి. నేను లారీ దగ్గరకి, అరుగు దగ్గరకి, బావి దగ్గరకి, మళ్ళీ లారీ దగ్గరకి. ఒక మనసు అంటుంది, ఊరుకోరా, ఆరు నెలల దాకా పూయవు, అప్పటికి ఎవరి దారి వాళ్ళది. ఇంకో మనసు ఏమీ అనడం లేదు, ఊరికే కుండీలు లెక్కపెడుతోంది. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య పిలిచింది.

"ఏంట్రా ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ?"

"అత్తయ్యా... ఆ నందివర్ధనం..."

"తెల్లదే కదా?"

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను.

"నీళ్ళు పోసేది నేను, నాకు తెలీదట్రా? పుస్తకం చూడగానే అనుకున్నాను. ఫొటోల్లో ఇంతే కాబోలు, ఆయనకీ తెలిసే ఉంటదిలే, మురుసుకుంటున్నాడు కదా అని ఊరుకున్నాను. లారీ వచ్చేదాకా తెస్తారని నాకేం తెల్సు?" ఆవిడ చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. "పువ్వు లేని మొక్కరా అది. మనం చెప్పిందే దాని రంగు. ఆ మాట పోయిందంటే ఇక్కడ మిగిలేది మట్టే. వెళ్ళి చెప్పు. లారీ కదలక ముందే చెప్పు."

"నువ్వు చెప్పచ్చుగా అత్తయ్యా."

"ఫొటో నేను తీశానా?"

అరుగు దగ్గరకి ఎలా నడిచానో తెలియదు. అది ఇరవై అడుగులు ఉంటుంది, నాకు మాత్రం అన్నవరం మెట్లన్నీ ఎక్కినట్టయింది. కెమెరా ఎత్తి, తెల్లపంచెలో కూర్చున్న మండపంగారిని, పక్కనే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న మావయ్యను కలిపి ఒక ఫొటో తీశాను. "ఒక్కసారి ఇలా రండి," అని తువ్వాలు ఇద్దరి నెత్తిన, నా నెత్తిన కలిపి కప్పాను. లోపల ముగ్గురి ఊపిర్లు, పూతరేకుల నెయ్యి వాసన. తెర వెలిగింది. మండపంగారి పంచె నీలం. చొక్కా నీలం. మావయ్య పళ్ళు ముప్పై రెండూ నీలం.

"ఇదేటండి, విషం తాగిన శివుడిలాగున్నాను?" అన్నాడు మండపంగారు.

"మీరు తెల్లగానే ఉన్నారండి. ఆ నందివర్ధనం కూడా తెల్లదేనండి. కెమెరాలో గుర్తు మార్చడం మర్చిపోయానండి." ఒక్క గుక్కలో చెప్పేశాను. తువ్వాలు లోపల కాబట్టి చెప్పగలిగాను. బయట అయితే ఆ రెండు మొహాలూ చూస్తూ నా వల్ల అయ్యేది కాదు.

మావయ్య నెమ్మదిగా తువ్వాలు తీసి, మడత పెట్టి, నా భుజం మీద వేశాడు. తిట్టలేదు. కొట్టలేదు. (కొట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.) లేచి లారీ దగ్గరకి వెళ్ళి, మొదటి కుండీ తనే దింపాడు.

"తప్పు మాదండి," అన్నాడు వెనక్కి తిరిగి. "దింపించేత్తానండి. నీలం ఇంకేదైనా కావాలంటే, మా దగ్గర లేకపోతే పక్క నర్సరీలకి నేను దగ్గరుండి తీసుకెళ్తానండి."

మండపంగారు నన్ను చూశాడు, మావయ్యను చూశాడు. "కుర్రోడు చెప్పకపోతే?"

"మీకు ఆరు నెలలకి తెలిసేదండి. మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మళ్ళీ మీరు రారు కదండి."

ఆయన పూతరేకు ఇంకోటి తీసుకున్నాడు. నమిలాడు. ఆ నమలడం నా లెక్కలో గోదావరి పుష్కరాల కంటే పొడుగ్గా సాగింది. "ఎక్కించండి," అన్నాడు చివరికి. "తెల్లవే ఎక్కించండి. తెలుపని చెప్పి ఇస్తున్నారు కదా, తెల్లగానే పూస్తాయి."

ఆయన వెళ్ళాక మావయ్య తీర్పు చెప్పాడు. పంచగా మిగిలిన పుస్తకాలన్నిట్లో, ప్రతి తెల్లపువ్వు కిందా, నా సొంత దస్తూరీతో 'తెలుపు' అని రాయాలి. ఫోన్లు చేసినవాళ్ళందరికీ ఉత్తరం కూడా నేనే రాయాలి. మల్లె కింద తెలుపు. లిల్లీ కింద తెలుపు. నందివర్ధనం కింద తెలుపు. వారం రోజులు రాశాను. ఆ పదం నేను రాసినన్ని సార్లు రామకోటి రాసేవాళ్ళు కూడా రామనామం రాసి ఉండరు.

హడావిడిలో కత్తెర బాబాయిగారికి చెప్పడం మాత్రం అందరం మర్చిపోయాం. ఆయన ఆ కొమ్మను నాటి, చుట్టూ దడి కట్టి, దిష్టిబొమ్మ పెట్టి పెంచాడు. పూసిన రోజు పొద్దున్నే కంచె దగ్గరకి వచ్చి, ఎంతో బాధగా, ఎంతో మర్యాదగా అన్నాడట: "ఏమనుకోకండేం, మా మట్టి మంచిది కాదండి. మీ మొక్కకి రంగు దిగిపోయింది."

మొన్నామధ్య పని మీద అటు వెళ్ళి నర్సరీలో దిగాను. మావయ్యకు మోకాళ్ళ నొప్పులు, మాట మాత్రం అదే లావు. నందివర్ధనాల మధ్య నిలబడి ఉంటే, కొత్తగా పనిలో చేరిన మనిషి ఒకావిడ పాత మనిషిని అడుగుతోంది: "నీలం వరసకి నీళ్ళెట్టమన్నారు, ఏదండి అది?" "అదిగో, నీ ఎదురుగానే." "ఇయ్యి తెల్లగున్నాయి కదండి!" "తెల్లవే. పేరు నీలం. ఎప్పుడో ఎవరో ఫొటోగ్రాఫరుగారు వచ్చి పెట్టెళ్ళారంట." ఆ 'గారు' అన్న మాట విని నా ఛాతీ కాస్త పొంగిన మాట నిజం. మండపంగారు ఇప్పటికీ ఫోను చేస్తే "ఆ నీలం తెల్లవి ఓ యాభై" అంటాడట.

జేబులోంచి ఫోను తీసి ఒక పువ్వును ఫొటో తీశాను. దీనికి సూర్యుడూ అక్కర్లేదు, బల్బూ అక్కర్లేదు, అన్నీ అదే చూసుకుంటుంది. ఎండ పడకుండా భుజం మీది తువ్వాలు నెత్తిన కప్పుకుని చూశాను. తెలుపు. అచ్చం చెట్టు మీద ఉన్నంత తెలుపు, వంక పెట్టడానికి లేదు. తువ్వాలు తీసి చెట్టు చూశాను, మళ్ళీ కప్పుకుని తెర చూశాను. ఎక్కడా తేడా లేదు. అయినా ఎందుకో యాభైకి దగ్గరపడ్డ ఈ ఫొటోగ్రాఫరు, నలుగురూ చూస్తారన్న ఇంగితం కూడా లేకుండా, ఆ తువ్వాలు లోపల ఇంకాసేపు ఆ నీలం కోసం వెతుక్కుంటూ నిలబడ్డాడు.